బోరులో పెట్రోలు వాసన, పక్కన బంకేమో మేనమామది

ఈసారి వచ్చిన ఉత్తరం ఆరు పేజీలు, కుదించి చెప్తాను. రాసినావిడకి నలభై ఒక్క ఏళ్లు, వరంగల్ వైపు ఒక చిన్న పట్టణం, పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. హైవే పక్కన వాళ్ల నాన్నగారికి స్థలం ఉండేది. 1998లో అందులో సగం తన బావమరిదికి, అంటే ఈవిడ మేనమామకి, పెట్రోలు బంకు పెట్టుకోవడానికి లీజుకిచ్చారు. మిగతా సగంలో తర్వాత మూడంతస్తుల కాంప్లెక్స్ లేచింది. కింద టిఫిన్ సెంటరు, మందుల షాపు, ఒక బైక్ మెకానిక్. పై రెండంతస్తులూ ఆడపిల్లల హాస్టల్, ముప్ఫై ఎనిమిది మంది ఉంటారు. నాన్నగారు పోయాక స్థలం మొత్తం ఈవిడకీ, అమెరికాలో ఉన్న తమ్ముడికీ వచ్చింది. అద్దెలూ గొడవలూ చూసుకునేది మాత్రం ఈవిడే.

ఏప్రిల్ చివర్లో హాస్టల్ పిల్లలు బాత్‌రూముల్లో కిరసనాయిలు కంపు కొడుతోందన్నారట. ఫినాయిల్ మార్చి ఉంటారులే అనుకున్నారు. మే రెండో వారంలో టిఫిన్ సెంటరాయన సంపు మూత ఎత్తి చూపిస్తే నీళ్ల మీద రంగురంగుల పొర. జూలైలో వానలు పడ్డాక వాసన దానంతటదే పోయింది. మనసు ఊరుకోక ఒక వాటర్ బాటిల్‌లో బోరు నీళ్లు పట్టి ల్యాబ్‌కిస్తే ‘అన్నీ పరిమితి లోపలే’ అని రిపోర్టు. మేనమామని అడిగితే “నీ మోటరుల ఆయిల్ కారి ఉంటది బిడ్డా, బంకు పేరు ఎత్తకు, ఎవడన్నా ఒక కాగితం రాస్తే నా సప్లై బందయితది” అన్నారట. ఆ సంగతి తెలిసి అమ్మగారు రెండు పూటలు అన్నం ముట్టలేదు. తమ్ముడిదేమో ఇంకో లెక్క: కొనేవాడు ఒకడు వచ్చాడు, వాసన మళ్లీ ఎండాకాలం దాకా రాదు, ఈలోగా అమ్మేద్దాం. బంకు లీజు వచ్చే మార్చితో అయిపోతుంది. “ఫిర్యాదు చేస్తే అమ్మకి పుట్టిల్లు లేకుండా పోతుంది, నోరు మూసుకుంటే ఆ పిల్లలకి ఏమన్నా అయితే నేనే పాపం మోయాలి, ఏం చేయమంటారు?” అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు గొడవలు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి: నీళ్లు, మామ, అమ్మకం, పిల్లలు. వీటిలో మొదటిదానికే మీ దగ్గర సరైన సమాధానం లేదు, అది లేకుండా మిగతా మూడింటి మీద రాత్రుళ్లు నిద్ర పాడు చేసుకుంటున్నారు. నేను భూగర్భ జలాల పని చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నీళ్ల దగ్గర్నుంచే మొదలెడతాను, చుట్టాల దగ్గరికి తర్వాత వద్దాం.

అంతకంటే ముందు ఒక పని, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ బోరు నీళ్లు తాగడానికి, వంటకి, స్నానానికి, ఫ్లష్‌కి కూడా ఇవాళే ఆపేయండి. నల్లా నీళ్లు ఎంత వస్తే అంత, మిగతాది ట్యాంకర్. వాసన లేదు కదా అనొద్దు. పెట్రోలులో అసలు భయపడాల్సింది బెంజీన్ గురించి, అది కేన్సర్ తెస్తుందని తేలిన పదార్థం, ముఖ్యంగా రక్తానికి సంబంధించిన కేన్సర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీళ్లలో దానికి పెట్టిన హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు. మన ముక్కు బెంజీన్‌ని నీళ్లలో పసిగట్టాలంటే దానికి వందల రెట్లు ఉండాలి. వాసన వస్తే పెట్రోలు ఉన్నట్టే, రాకపోతే మాత్రం లేనట్టు కాదు. ఇంకోటి, దయచేసి మరిగించి తాగమని ఎవరికీ చెప్పకండి. మరిగిస్తే బెంజీన్ ఆవిరై వంటింటి గాల్లోకి వస్తుంది, మీరు పీలుస్తారు. వేడినీళ్ల స్నానమూ అంతే, తలుపు మూసిన చిన్న బాత్‌రూమ్‌లో ఇంకా ఎక్కువ. హాస్టల్‌లో ఆర్‌వో మిషన్ ఉందని రాశారు, దాన్ని నమ్ముకోవద్దు, అది ఉప్పు తీయడానికి పెట్టింది. లోపలి కార్బన్ కొంత పట్టుకుంటుంది, నిండిపోయాక వదిలేస్తుంది, ఎప్పుడు నిండిందో మీకు తెలియదు.

సంపు విషయం కూడా. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పల్లంలో పేరుకుంటుంది. గాల్లో ఒకటిన్నర శాతం చేరితే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. సంపులోకి టార్చి ఫోను పట్టుకుని వంగి చూడటాలు, లోపలికి మనిషిని దించి కడిగించడాలు వద్దు. మూత తీసి గాలి ఆడనివ్వండి, చుట్టుపక్కల బీడీ సిగరెట్ లేకుండా చూసుకోండి. 1992లో మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో డ్రైనేజీలోకి పెట్రోలు చేరి వీధులకు వీధులే పేలిపోయాయి, రెండొందల మందికి పైగా చనిపోయారు. అక్కడా పేలుడుకి ముందు జనం వాసన వస్తోందని చెప్పారు. మీ దగ్గర అంత జరుగుతుందని కాదు, కానీ టిఫిన్ సెంటరు గ్యాస్ స్టవ్‌కీ ఆ సంపుకీ ఎంత దూరమో మీరే ఒకసారి అడుగులేసి కొలవండి.

ఇప్పుడు ఆ రిపోర్టు. మీరు పంపిన ఫోటో చూశాను. టీడీఎస్, కాఠిన్యం, ఫ్లోరైడ్, క్లోరైడ్, నైట్రేట్, ఇనుము, పీహెచ్. ఇందులో పెట్రోలు ఎక్కడుంది? కాలు విరిగినవాడికి షుగర్ టెస్టు చేసి నార్మల్ అన్నట్టుంది. ల్యాబ్‌ని తప్పు పట్టలేం, తాగునీటి పరీక్ష అంటే మన దగ్గర వాళ్లు చేసేది అదే. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పట్టికలో మినరల్ ఆయిల్ లీటరుకి 0.5 మిల్లీగ్రాములు దాటకూడదని ఉంది గానీ బెంజీన్‌కి విడిగా గడే లేదు. అడగందే ఎవరూ చూడరు. పైగా మీరు పట్టింది ప్లాస్టిక్ బాటిల్‌లో, సగానికి కొంచెం పైగా, వానలు పడ్డాక, రెండు రోజులు బండిలో ఉంచి. అందులో బెంజీన్ ఉండి ఉన్నా ల్యాబ్ చేరేసరికి ఆవిరై పోయుండేది.

అయితే ఆ పనికిరాని రిపోర్టులోనే నాకు ఒకటి కనిపించింది. నైట్రేట్ ‘కనిపించలేదు’ అని ఉంది, ఇనుము మాత్రం హద్దుకి దగ్గరగా ఉంది. పక్కనే సెప్టిక్ ట్యాంకున్న హాస్టల్ బోరులో నైట్రేట్ అసలు లేకపోవడం వింతే. నేలలో సూక్ష్మజీవులు పెట్రోలుని తింటాయి, తినడానికి ముందు నీళ్లలోని ఆక్సిజన్ వాడేస్తాయి, అది అయిపోతే నైట్రేట్, ఆ తర్వాత మట్టిలోని ఇనుము కరిగి నీళ్లలోకి వస్తుంది. అంటే అక్కడ ఏదో విందు నడుస్తోందన్నమాట. ఇది రుజువు కాదు, సెప్టిక్ నీళ్లు ఎక్కువగా చేరి ఆక్సిజన్ అయిపోయినా ఇలాంటి గుర్తులే కనిపించొచ్చు. అనుమానం పెంచుతుంది, అంతే.

మరి మేలో వచ్చిన వాసన జూలైలో ఎందుకు పోయింది? మీవైపు నేల గ్రానైట్. పైన కొన్ని మీటర్లు మట్టీ మొరం, దాని కింద రాయి, రాయిలో అక్కడక్కడా పగుళ్లు. పెట్రోలు నీళ్లకంటే తేలిక కాబట్టి కిందికి దిగి దిగి నీటిమట్టం దగ్గర ఆగి దాని మీద తేలుతూ పరుచుకుంటుంది. బోరు గోడ కూలకుండా పెట్టే కేసింగ్ పైపుని మొరం దాటి రాయి తగిలేదాకా దింపుతారు కదా. మట్టం కేసింగ్ అడుగుకంటే పైనున్నన్నాళ్లు తేలే పెట్రోలు కేసింగ్ బయటే ఉండిపోతుంది, మోటారు ఎక్కడో రెండొందల అడుగుల్లోంచి నీళ్లు లాగుతుంటుంది, మీకు తెలియదు. ఎండాకాలం మట్టం కేసింగ్ కిందికి జారితే ఆ పొర పగుళ్లలోంచి నేరుగా బోరులోకి జారుతుంది. వానలకి మట్టం లేస్తే పెట్రోలు కొంత మొరంలో, నీళ్ల కింద, బొట్లు బొట్లుగా ఇరుక్కుని కూర్చుంటుంది. పోలేదు, దాక్కుంది. మీ తమ్ముడు చెప్పే ‘ఎండాకాలం దాకా రాదు’ అన్న మాట నిజమే, కానీ ఎండాకాలం ప్రతి ఏడూ వస్తుంది.

ఇంకో సంగతి, వింటే బాధగా ఉంటుంది. హాస్టల్‌కీ హోటల్‌కీ పగలంతా లాగే మీ మోటారు చుట్టూ నీటిమట్టం గరాటులా కిందికి వంగి ఉంటుంది. చుట్టుపక్కల ఎక్కడ ఏం కారినా ఆ గరాటులోకే నడుస్తుంది. అంటే కారుతున్నది ఎవరిదైనా దాన్ని ఇటు రమ్మని పిలుస్తున్నది మీ బోరే కావచ్చు.

‘ఎవరిదైనా’ అన్నాను, ఎందుకంటే బంకుదేనని నేను ఇంకా అనట్లేదు. మీ మామ చెప్పిన మోటారు ఆయిల్ కథ కొట్టిపారేయకండి, ఆయిల్ నింపిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు ఉంటాయి, సీలు పోతే కారుతుంది. కానీ అది జిడ్డుగా ఉంటుంది తప్ప బాత్‌రూమ్ నిండా ఘాటు వాసన రాదు, పైగా మోటారులో ఉండే కాస్త ఆయిల్ మూడు నెలలు అలా రాదు. మోటారు పైకి తీయించి చూస్తే ఒక్క పూటలో తేలుతుంది, ముందు అది చేయించండి, ఆయన మాట విన్నట్టూ ఉంటుంది. తర్వాత మీ కింద ఉన్న మెకానిక్, కార్బురేటర్లు దేనితో కడుగుతున్నాడు, ఆ కడిగింది ఎక్కడ పోస్తున్నాడు? ఆ తర్వాత మీ జనరేటర్, దాని డీజిల్ డ్రమ్ములు సెల్లార్‌లో ఉన్నాయని మీరే ఒక వాక్యంలో రాసి వదిలేశారు. నా సర్వీసులో ఒక హోటలాయన పక్క బంకు మీద ఏడాది పాటు పోట్లాడి, చివరికి నమూనా తీస్తే వచ్చింది పెట్రోలు కాదు డీజిల్, అదీ ఆయన జనరేటర్‌కి వెళ్లే పైపు గోడలో తుప్పు పట్టి కారింది. ఆ రిపోర్టు చదివాక ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అందుకని ముందు మీ ఇల్లు చూసుకున్నాకే పక్కింటికి వెళ్లండి.

ఏది ఎవరిదో చెప్పే పరీక్ష ఉంది. గ్యాస్ క్రొమాటోగ్రఫీ అంటారు, నీళ్లలోని నూనె పదార్థాలని తేలికవాటి నుంచి బరువైనవాటి దాకా వరసగా విడదీసి గీతల బొమ్మగా ఇస్తుంది. పెట్రోలుకి ఒక రూపం, డీజిల్‌కి ఒకటి, ఇంజనాయిల్‌కి ఒకటి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌ని ఇలా అడగండి: బెంజీన్, టోలీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్లు, నాఫ్తలీన్, ఎంటీబీఈ (పెట్రోలులో కలిపే ఒక రసాయనం), పెట్రోలు శ్రేణి డీజిల్ శ్రేణి హైడ్రోకార్బన్లు విడివిడిగా. వాళ్లే 40 మిల్లీలీటర్ల గాజు సీసాలు ఇస్తారు, నీళ్లు అంచు దాకా నింపి బుడగ లేకుండా మూత పెట్టాలి, తలకిందులు చేస్తే బుడగ కనిపించకూడదు. ఐసు పెట్టెలో పంపాలి. యాసిడ్ వేసిన సీసాలైతే 14 రోజుల గడువు, లేకపోతే తొందర ఇంకా ఎక్కువ. నమూనా ల్యాబ్ మనిషి చేతే తీయించండి, రేపు ఎవరైనా ‘నువ్వే రెండు చుక్కలు కలిపావు’ అంటే మీ దగ్గర జవాబుండాలి.

అయితే మీ బోరు ఒక్కదాన్ని పరీక్షిస్తే కథ సగమే తెలుస్తుంది, కేసింగ్ సంగతి చెప్పాను కదా. సరైన పద్ధతి పరిశీలన బోర్లు, పీజోమీటర్లు అంటారు. కనీసం మూడు, ఒకే గీత మీద కాకుండా త్రికోణంలో. ఒకటి బంకు సరిహద్దు వెంట, ఒకటి జనరేటర్, మెకానిక్ ఉన్న వైపు, ఒకటి వీటన్నిటికీ ఎగువన. మూడింటి పైఅంచుల ఎత్తు సర్వేయర్ చేత కొలిపించి, నీటిమట్టం ఎంత లోతులో ఉందో చూస్తే నీళ్లు ఎటు నడుస్తున్నాయో లెక్క కట్టొచ్చు. గ్రానైట్‌లో పగుళ్ల వల్ల అది కొంత మోసం చేస్తుంది, అందుకే కుదిరితే నాలుగోది. ఇవి మామూలు బోర్లలా మూడొందల అడుగులు వేస్తే మహా తప్పు, పైనున్న పెట్రోలుకి కిందికి మీరే దారి వేసినట్టవుతుంది. నీటిమట్టం ఏడాదంతా ఊగే మేర దాటి కొద్దిగా లోతు చాలు. చిల్లుల పైపు మట్టానికి పైనా కిందా ఉండాలి, చుట్టూ కంకర, దాని పైన బెంటొనైట్ బంకమట్టి, ఆపైన సిమెంటు, తాళం వేసే మూత. తాళం ఎందుకంటారా, ఎవడో ఒకడు సిగరెట్ పీక అందులో వేస్తాడు, లేదా రాత్రిపూట అర లీటరు పెట్రోలు పోస్తాడు, రెండూ చూశాను.

బోరు వేసే ముందు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి, జిల్లా భూగర్భ జల శాఖలో ఒక మాట. లారీ బోరువాణ్ణి పిలిచి బంకు గోడ పక్కనే వేయమనొద్దు, పైపులు ఎక్కడున్నాయో తెలియకుండా అక్కడ డ్రిల్లు దించడం ప్రాణాలతో ఆట. ఈ పని చేసే పర్యావరణ కన్సల్టెంట్లు హైదరాబాద్‌లో ఉన్నారు, ఇద్దరు ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. ఖర్చు తక్కువేం కాదు, కానీ మీ తమ్ముడికి వచ్చిన బేరంతో పోలిస్తే చిన్నదే. ఒక్కసారి చూసి ఊరుకోవడం కాదు, దాదాపు మూడు నెలలకోసారి చొప్పున ఏడాది. అందులో మే నెలా, అక్టోబరూ తప్పకుండా ఉండాలి.

ఇప్పుడు మీ మామ దగ్గరికి. ఆయన మీద మీకు కోపం ఉంది, ఉత్తరంలో కనిపించింది. కానీ ఆయన భయం కూడా అర్థం చేసుకోండి. మన దగ్గర చాలా బంకుల్లో భూమిలోని ట్యాంకులు, పైపులు, పంపులు ఆయిల్ కంపెనీవే, డీలర్ అమ్ముకునేవాడు. లీకు ఉంటే బాగుచేయాల్సిన భారం మొత్తం ఆయన నెత్తిన పడుతుందని ఆయనా అనుకుంటున్నారు, మీరూ అనుకుంటున్నారు, కాగితాలు ఏం చెప్తున్నాయో ఇద్దరూ చూడలేదు. డీలర్‌షిప్ ఒప్పందం తీసి చదవమనండి. తెలిసీ దాచితే మాత్రం ఆయన మెడకి చుట్టుకుంటుంది, తెలిసిన వెంటనే కంపెనీకి రాస్తే ఆయన పక్షాన ఒక కాగితం ఉంటుంది.

ఆయన్ని “నీ ట్యాంకు కారుతోందా మామా” అని అడగకండి, కాదనడం తప్ప ఆయనకి దారి ఉండదు. స్టాకు రిజిస్టర్ గురించి అడగండి. రోజూ పొద్దున డిప్ రాడ్‌తో కొలిచిందానికీ, పంపు మీటర్లు చెప్పిన అమ్మకానికీ తేడా రాస్తారు కదా, ఆ తేడా ఎప్పుడూ తక్కువవైపే ఉంటోందా? ఎండకి ఆవిరయ్యేది ఉంటుంది, అది కొంత. సెకనుకో చుక్క కారే జాయింటు రోజుకి నాలుగు లీటర్లకు పైగా వదులుతుంది, రోజు లెక్కలో కనిపించదు, నెల లెక్కలో నూట ముప్ఫై. ఇంకో ప్రశ్న, వానాకాలంలో ట్యాంకు అడుగున నీళ్లు వస్తున్నాయా, డిప్ రాడ్‌కి పూసే వాటర్ పేస్టు నీళ్లు తగిలి రంగు మారుతోందా? ట్యాంకుకి రంధ్రం ఉంటే ఎండాకాలం పెట్రోలు బయటికి పోతుంది, నేల నీళ్లు పైకి లేచినప్పుడు లోపలికి వస్తాయి. ఇథనాల్ కలిపిన పెట్రోలు నీళ్లు తగిలితే విడిపోతుంది, బళ్లు ఆగిపోయి కస్టమర్లు గొడవ చేసి ఉంటారు, ఆయనకి గుర్తుంటుంది. 1998లో పూడ్చిన ఒంటిగోడ ఇనుప ట్యాంకైతే దాని వయసు పాతికేళ్లు దాటింది. చాలాసార్లు తప్పు ట్యాంకుది కూడా కాదు, పైపు జాయింటుదో, లోడు దించేటప్పుడు పొంగేదో. అది దొరికితే బాగుచేయడం పెద్ద పనేం కాదు, ఆ మాటా ఆయనకి చెప్పండి.

ఇప్పటి పెట్రోలులో కలిపే 20 శాతం ఇథనాల్ గురించి ఇంకొక్క ముక్క. సూక్ష్మజీవులకి ఇథనాల్ అంటే ఇష్టం, ముందు దాన్ని తింటాయి, ఆక్సిజన్ అంతా దానికే ఖర్చయిపోతుంది, బెంజీన్ తినకుండా మిగిలి ఇంకాస్త దూరం పోతుంది. కాబట్టి ‘నేలే శుభ్రం చేసుకుంటుందిలే’ అనే ధీమా పాత పెట్రోలుకంటే ఇప్పుడు తక్కువ పెట్టుకోవాలి. ఎంత పెట్రోలు ఎంత నీళ్లని పాడుచేస్తుందంటే, మన పెట్రోలులో బెంజీన్ 1 శాతం దాకా ఉండొచ్చు. లీటరు పెట్రోలులోని ఆ కాస్త బెంజీన్ దాదాపు 8 లక్షల 80 వేల లీటర్ల నీళ్లని నేను పైన చెప్పిన హద్దుకి తెచ్చి పెట్టగలదు. ఐదువేల లీటర్ల ట్యాంకర్లు నూట డెబ్బై ఆరు.

ఇక మీ ముందున్న దారులు. మొదటిది, మామతో కలిసి కంపెనీకి రాయడం: పక్క స్థలంలో బోరులో వాసన వచ్చింది, ట్యాంకులకీ పైపులకీ లీకు పరీక్ష చేయండి అని, ఇద్దరి సంతకాలతో. బంధుత్వానికి ఇది అన్నిటికంటే తక్కువ దెబ్బ. చిక్కేమిటంటే పరీక్ష చేసేది కంపెనీ, ఫలితం మీ చేతికి ఇవ్వకపోవచ్చు, మీ నీళ్ల సంగతి వాళ్లు పట్టించుకోకపోవచ్చు. అందుకని రెండో దారి పక్కన ఉండాలి, మీ స్థలంలో మీ ఖర్చుతో మీ పీజోమీటర్లు. ఫలితం శుభ్రంగా వస్తే మామకి క్షమాపణ చెప్పి భోజనానికి పిలవొచ్చు. చెడ్డగా వస్తే మాత్రం ఇక తెలియదు అనే సౌకర్యం మీకుండదు, అది తెలిసే మొదలుపెట్టండి.

మూడోది ఫిర్యాదు. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం, బంకుకి లైసెన్సు ఇచ్చే పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో, నిరభ్యంతర పత్రం ఇచ్చే కలెక్టర్. వీళ్లకి రాస్తే పని ఆలస్యమైనా కదులుతుంది, అమ్మకాలు ఆపించే అధికారం కూడా వాళ్లకుంది, మామ భయం వట్టిది కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో పెట్రోలు బంకులకి మార్గదర్శకాలిచ్చింది, బడులకీ ఆసుపత్రులకీ ఇళ్లకీ 50 మీటర్లు, తప్పనిసరైతే 30 అన్నది అందులోదే. అది కొత్త బంకులకి, మీదాని వయసు వేరు, కాబట్టి ఆ దూరం పట్టుకుని వాదించొద్దు, లీకు మీదే నిలబడండి. ఆపైన జాతీయ హరిత ట్రిబ్యునల్, మన రెండు రాష్ట్రాలకీ చెన్నై బెంచి. అక్కడ గడువులున్నాయి: వివాదం తీర్చమని అడగడానికి సమస్య మొదలైన నాటి నుంచి ఆరు నెలలు, కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. నష్టపరిహారానికైతే ఐదేళ్లు. ఏప్రిల్ చివర మొదలైంది, ఇప్పుడు సెప్టెంబరు, లెక్క మీరే చూసుకోండి. చెన్నై తొండియార్‌పేటలో 2013లో భూమిలోని పెట్రోలియం పైపు కారి జనం బోర్లలోకి నూనె వచ్చినప్పుడు ఆ గొడవ ఇదే ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. శుభ్రం చేయడం ఏళ్ల తరబడి సాగే పని. నా లెక్కలో ఇది చివరి దారి, కానీ అక్టోబరు దాటేలోగా ఒక వకీలుతో మాట్లాడి పెట్టుకోండి, మాట్లాడితే కేసు వేసినట్టు కాదు.

నాలుగోది మీ తమ్ముడి దారి. ఆయన దుర్మార్గుడేం కాదు, దూరంగా ఉన్నవాడికి ఇది ఒక ఫైలు, మీకు ఇల్లు. అయితే ఆ ఫైలులోనే ఒక గుంట ఉంది, చూపించండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, అమ్మేవాడికి తెలిసి కొనేవాడు మామూలుగా చూస్తే కనిపెట్టలేని లోపాన్ని చెప్పి తీరాలి, దాస్తే అది మోసం కిందికి వస్తుంది. మీకు తెలుసనడానికి సాక్ష్యాలు బోలెడు: టిఫిన్ సెంటరాయన, ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు, మీ ఆరు పేజీల ఉత్తరం. అమ్మాలనుకుంటే అమ్మండి, రిపోర్టు చేతిలో పెట్టి అమ్మండి. ధర తగ్గుతుంది, నిజమే. వచ్చే మేలో కొన్నవాడు లాయర్ నోటీసు పంపడం కంటే అది చవక.

మీరు పట్టించుకోని బలం ఒకటుంది, లీజు. మార్చిలో పొడిగించాలంటే మీ సంతకం కావాలి. కొత్త లీజులో మూడు షరతులు రాయించండి, ఇప్పటి నేల, నీళ్ల స్థితి రిపోర్టు జత చేయాలి, ఏటా రెండుసార్లు పీజోమీటర్ల పరీక్ష, ఖాళీ చేసేటప్పుడు ట్యాంకులు తీసి కింది మట్టి పరీక్షించి ఇవ్వాలి. ఇది కోపంతో పెట్టే షరతు కాదు, ఏ కంపెనీ వకీలైనా విని ఆశ్చర్యపోడు. మామ కూడా “అడుగుతున్నది మా మేనకోడలు కాదు, లీజు” అని కంపెనీకి చెప్పుకోవచ్చు, ఆయనకి అదో ముసుగు.

అమ్మగారికి ఏం చెప్పాలి అన్నారు. కొడుకూ కూతురూ తన తమ్ముడి మీద కేసు పెడుతున్నారని ఆవిడకి ఎవరో చెప్పారు, మీరు కాదు. మీరే కూర్చోబెట్టి చెప్పండి, హాస్టల్ పిల్లల నీళ్లు ఆపేశాను, మోటారు తీయించాను, జనరేటర్ కూడా చూపించాను, మామతో కలిసే రాయబోతున్నాను అని. వరస ఇలా ఉంటే ఆవిడే తమ్ముడికి ఫోన్ చేస్తారని నా అనుమానం. పెద్దవాళ్లు న్యాయం కంటే ముందు మర్యాద చూస్తారు, అందులో తప్పేం లేదు.

పిల్లలకి మాత్రం దాచొద్దు. వార్డెన్ ద్వారా చెప్పి, నీళ్లు మార్చామనీ పరీక్ష జరుగుతోందనీ నోటీసు అంటించండి. కొంతమంది ఖాళీ చేస్తారు, చేయనివ్వండి. మూడు నెలల వాడకంతో ఏదో అయిపోతుందని ఎవరినీ బెదరగొట్టకండి, బెంజీన్ హాని ఎక్కువగా ఏళ్ల తరబడి ఒంట్లోకి పోవడం వల్ల వచ్చేది, కానీ తలనొప్పి, కళ్లు తిరగడం, చర్మం మంట అని ఎవరైనా అంటే డాక్టర్ దగ్గరికి పంపి నీళ్ల సంగతి కూడా చెప్పమనండి.

మోటారు ఈ వారమే తీయించండి. సంపు ఫోటోలు, పిల్లలు వాసన గురించి పెట్టిన మెసేజ్‌లు తేదీలతో సహా ఒకచోట భద్రం చేయండి, ఫోన్ మార్చేటప్పుడు అవే ముందు పోతాయి. ల్యాబ్ రిపోర్టు తీసుకునేటప్పుడు ఆ గీతల బొమ్మ ఉన్న క్రొమాటోగ్రామ్ పేజీ కూడా అడగండి, మామూలుగా ఇవ్వరు, అడిగితే ఇస్తారు. ఆ పేజీ నాకు పంపితే పెట్రోలో డీజిలో చూసి చెప్తాను.